కత్తిపిడికి మట్టి

మా తమ్ముడు బుదరా పోయినప్పుడు వాడి కత్తిని కూడా వాడితోపాటే చితిమీద పెట్టారు. పిడి కాలిపోయింది, ఇనుము బూడిదలో మిగిలిపోయింది. ఆ ఇనుమును ఎవరూ ముట్టుకోరు. డుంబ్రిగుడ దాటి కొండవాలులో ఉండే మా ఊళ్ళో ఆనవాయితీ అది. ఇంటిపెద్ద పోతే అతని కత్తితోపాటు పెద్ద కొడుకు కత్తి కూడా చితికెక్కాలి. ఆ రోజునుంచి కొడుకే పెద్ద కాబట్టి వాడి చేతికి కొత్త కత్తి రావాలి. అది వచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరూ ఏదీ కొయ్యకూడదు. కూర అయినా, కట్టె అయినా పక్కింటివాళ్ళు వచ్చి కోసిపెట్టాల్సిందే. కొత్త కత్తిని ఎంచి తేవలసింది మటుకు ఆ ఇంట్లో పుట్టిన ఆడపడుచు. అంటే నేను. పంతులమ్మగా ఉద్యోగం చేసి, రిటైరై, పార్వతీపురంలో ఒక మేడ కింద వాటాలో ఉంటున్నాను. మా వంటింట్లో టమాటాలు కోసే చాకు కూడా మా ఆయన కొనితెచ్చిందే. అలాంటిదాన్ని నేను కత్తి ఎంచాలి.

ఎంచడం ఒక్కటే అయితే బాధ లేదు. చితి దగ్గర మా మేనల్లుడు అర్జున్ తన కత్తిని తండ్రి పక్కన పెడుతూ ఒక మాటన్నాడు. "కొత్త కత్తి రానీయండి. మోహన్‌గాడి సంగతి అప్పుడు సూత్తాను." గట్టిగా అనలేదు. మా నాన్నలాగే వీడూ కోపం వస్తే గొంతు తగ్గిస్తాడు. అందరూ విన్నారు. పక్కనే నిలబడ్డ మోహనూ విన్నాడు. మోహన్ పరాయివాడేం కాదు, మా చిన్నాన్న మనవడు. మా రెండిళ్ళ మధ్య, రోడ్డు పక్కన, తాతలనాటి పసుపు మడి ఒకటుంది. అది ఉమ్మడిది. మోహన్ ఎవరినీ అడక్కుండా అక్కడ టూరిస్టులకు టెంట్లు వేయించాడు. పసుపు దుంపలు తవ్వి పక్కన పోశాడు. మా తమ్ముడు ఆ దుంపల కుప్ప దగ్గరే రెండు రోజులు కూర్చున్నాడట. తర్వాత కామెర్లతో మంచం పట్టాడు. కామెర్లు మనోవ్యాధితో రావని నాకు తెలుసు, అర్జున్‌కి నేను చెప్పగలను కూడా. వాడు వినాలి కదా.

అంచేత ఆ కర్మలు జరిగినన్నాళ్ళూ ఊరంతా నా వంకే చూసింది. ఏ కత్తి తెస్తావమ్మా అని ఎవరూ అడగలేదు. అరుగుమీద కూర్చుంటే వచ్చి పక్కన కూర్చునేవాళ్ళు, వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళిపోయేవాళ్ళు. మా మరదలు లచ్చి బీరకాయల్ని గోళ్ళతో గిల్లి ముక్కలు చేస్తుంటే మోహన్ భార్య తన కత్తి పట్టుకుని వచ్చింది, వెదురుకొమ్ములు సన్నగా తరిగి బుట్టలో పోసి పోయింది. రోజూ వచ్చింది. తరగడం అయ్యాక ఆ పిల్ల కత్తిని రెండు చేతులా చెంగులో చుట్టి దాచుకోవడం నేను చూశాను. ఈ ఇంటికి కత్తి వచ్చిననాడు అది ఎవరిమీదికి వస్తుందో ఆమెకు తెలియదా?

మా ఇంట్లో మాట్లాడుకునేది ఆదివాసీ ఒడియా, అందులో సంత తెలుగు సగానికి సగం కలిసిపోయింది. నాయనమ్మను మేం ఆజి అంటాం. ఆ రోజుల్లో అరుగుమీద కూర్చుంటే నాకు ఆజి తప్ప ఇంకెవరూ గుర్తుకు రాలేదు. పొట్టి మనిషి. చుట్ట వెలిగించి నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చేది. నిప్పు నోట్లో ఉండగానే నన్ను తిట్టేది, మేకల్ని అదిలించేది, అంబలి కలిపేది. ఆమె కుడిచేతి చూపుడువేలు ఎప్పుడో రోలు కింద నలిగి వంకరగా అతుక్కుంది. ఆ వేలితోనే అంబట్లో ఉండలు నలిపేది. పసుపు ఉడికే రోజుల్లో మా ఊరంతా ఒకటే వాసన, మట్టివాసనా మందువాసనా కలిసిన ఘాటు. బట్టల్లో, జుట్టులో, అన్నంలో కూడా అదే. ఇప్పటికీ పార్వతీపురం బజార్లో పసుపుకొమ్ముల బస్తా విప్పితే నా కాళ్ళు ఆగిపోతాయి. మా ఆయన నాలుగడుగులు ముందుకెళ్ళి వెనక్కి తిరిగి చూసి విసుక్కుంటాడు.

మా తాత పోయింది అలాంటి పసుపు రోజుల్లోనే. నేనింకా గౌన్లు వేసుకునే వయసు. మా నాన్నకీ చిన్నాన్నకీ అప్పటికే పడేది కాదు. కారణం చెబితే నవ్వుతారు, ఈ పసుపు మడే. మడికీ సొంత పొలాలకీ నడుమ గట్టు నువ్వు జరిపావంటే నువ్వు జరిపావని. తాత బతికున్నంతకాలం ఇద్దరూ అణిగి ఉన్నారు. తాత పోయాక చితి దగ్గర ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. మా నాన్న ఖాళీ చేతిని మాటిమాటికీ మూసి తెరుస్తున్నాడు. మా నాన్నకు అక్కచెల్లెళ్ళు లేరు. అందుకని కొత్త కత్తి తెచ్చే పని ఆజి మీదే పడింది. ఇంటి ఆడపిల్ల కూడా ఉండాలని నన్ను వెంటబెట్టుకుంది.

మా దగ్గర కత్తి అంటే బజారుకెళ్ళి వేలు చూపించి తెచ్చుకునేది కాదు. ముందు గెడ్డ ఒడ్డునుంచి, అంటే కొండవాగు ఒడ్డునుంచి, బంకమట్టి తెస్తారు. కత్తి పట్టబోయేవాడు ఆ ముద్దని గుప్పిట్లో పెట్టి పిసుకుతాడు. వేళ్ళు దిగిన ఆ ముద్దని ఆరిపోకుండా అడ్డాకులో చుట్టి కమ్మరి దగ్గరికి తీసుకెళ్ళాలి. కమ్మరి ఆకు విప్పి, "ఎవులి సెయ్యి?" అని అడుగుతాడు. పేరు చెబుతారు. ఆ వేళ్ళ గుంతల్లో తన వేళ్ళు పెట్టి చూసుకుని, దాన్ని బట్టి పిడి చెక్కుతాడు. పిడిని బట్టి అలుగు పొడవు తేలుస్తాడు. అలుగంటే కోసే ఇనుము. పెద్ద చేతికి పొడుగు అలుగు, చిన్న చేతికి పొట్టి అలుగు. చేతికి మించిన ఇనుము ఆ చేతినే తింటుందని అనేవారు. ఒకసారి కట్టిన పిడిని మార్చడం ఉండదు. మార్చితే చెయ్యి మార్చుకున్నట్టేనట, అంటే చావే.

మా నాన్న పిసికిన ముద్ద ఇప్పటికీ నా కళ్ళముందుంది. ఎంత గట్టిగా నొక్కాడంటే మట్టి వేళ్ళసందుల్లోంచి పైకి ఉబికింది, బొటనవేలు లోపలికి దిగబడిపోయింది. ఆజి దాన్ని ఆకులో చుట్టి నెత్తిమీద బుట్టలో పెట్టుకుంది. ఇద్దరం బయల్దేరాం. గెడ్డ దగ్గరికి వచ్చేసరికి ఆజి ఆగింది. బుట్ట దించి ఆకు విప్పి ఆ ముద్దని చాలాసేపు చూసింది. తర్వాత నీళ్ళలోకి దిగి దాన్ని ప్రవాహంలో పెట్టి రెండు చేతులా కడిగేసింది. మట్టి ఎర్రగా పారిపోయింది. ఒడ్డునుంచి ఇంకో ముద్ద తీసి తన కుడిచేతిలో పెట్టుకుని పిసికి, అదే ఆకులో చుట్టింది. నన్ను చూసి, "నోరిప్పినావంటే నాలిక కోసీగల్ను" అంది. కొయ్యడానికి ఇంట్లో కత్తేదీ అని నాకు అప్పుడే తోచింది గాని, ఆమె మొహం చూసి అనలేకపోయాను.

కమ్మరి గాసి ఆకు విప్పాడు. తిత్తి ఊదుతున్న అతని పెళ్ళాం కూడా ఆగి చూసింది. "ఎవులి సెయ్యి?" అన్నాడు గాసి.

"మా ఇంటి పెద్దది" అంది ఆజి.

గాసి తన వేళ్ళు గుంతల్లో పెట్టాడు. సరిగ్గా కూర్చోలేదు. ఒక గుంత పక్కకి వంగి ఉంది. అతను మట్టిని చూశాడు, తర్వాత ఆజి చేతిని చూశాడు. ఆజి చెయ్యి చీరచెంగులో దాచుకుంది.

"పెద్దమ్మా, ఈ ఏలు వొంకరగుందే" అన్నాడు మెల్లిగా.

"ఉంతాది. నాకిద్దరు కొడుకులురా గాసీ. సెయ్యమంటే సెయ్యి."

గాసి ఆ మట్టి కొలతకే పిడి చెక్కాడు. లారీ కమాను పట్టీ ముక్క ఒకటి కొలిమిలో పెట్టాడు. నీళ్ళలో ముంచినప్పుడు సుయ్‌మన్న చప్పుడూ, కాలిన చెక్కలోకి ఇనుము దిగినప్పుడు లేచిన పొగ వాసనా, ఆ రోజుకి ఇవే నాకు మిగిలాయి.

ఊరందరి ముందూ ఆజి ఆ కత్తిని మా నాన్న చేతిలో పెట్టింది. ఆయన వేళ్ళు పిడిమీద ఇరుక్కున్నాయి. చిటికెనవేలికి చోటు లేక బయటే నిలబడిపోయింది. అలుగు చూస్తే కలుపు తీసుకోడానికి పనికొచ్చేంత. మా నాన్న ఆజి మొహంలోకి చూశాడు. ఆయనకి అర్థమైంది. అందరూ చూస్తుండగా వద్దనడానికి లేదు. దండం పెట్టి మొలలో దోపుకున్నాడు. ఆ తర్వాత చిన్నాన్నతో కలబడడం ఎక్కడ? కల్లు దగ్గర మగవాళ్ళు ఆ కత్తికి తోటకూర కత్తి అని పేరు పెట్టారు. అది చేత్తో పట్టుకుని ఎవరిని బెదిరిస్తాడు? ఆయన కల్లు దగ్గరికి వెళ్ళడమే మానేశాడు. గట్టు ఎక్కడుందో అక్కడే ఉండిపోయింది. ఇంట్లో నెత్తురు పడలేదు. కథ ఇక్కడితో ఆగిపోతే మా ఆజి అంత తెలివైన మనిషి లేదని నేను బళ్ళో పిల్లలకి చెప్పి ఉండేదాన్ని.

పనసపళ్ళ కాలంలో మా నాన్న కొండమీద ఎలుగుబంటికి ఎదురుపడ్డాడు. అందరి కత్తులూ పొడుగే, ఎలుగు చెయ్యి చాచినా అందనంత దూరంనుంచి విసరొచ్చు. మా నాన్న దగ్గరికి వెళ్ళి పొడవాల్సి వచ్చింది. అది ఆయన మొహం పట్టుకుంది. ఒక కన్నూ ఒక చెంపా పోయాయి. ఆ కేక విని పై మడిలోంచి పరిగెత్తుకొచ్చింది చిన్నాన్నే. పొడుగు కత్తితో దాన్ని తరిమి, అన్నని డోలీలో వేసుకుని ఘాట్ రోడ్డుదాకా మోశాడు. దీనికి మీరు ఇప్పుడొక నీతి చెబుతారని నాకు తెలుసు. చిన్నాన్న బతికుండబట్టే నాన్న బతికాడని, ఆజి చేసింది మంచికే అయిందని. ముద్ద సంగతి తెలియకపోయినా, అంతా మంచికేనని నాకు ఎందరో చెప్పారు. చెప్పినవాళ్ళెవరూ మా ఇంట్లో అన్నం తినలేదు. మా నాన్న ఆ తర్వాత ఎప్పుడూ గోడవైపు తిరిగే తిన్నాడు. చెంప లేని పక్కనుంచి అంబలి కారిపోయేది. ఆజి వెనక కూర్చుని తుడిచేది. ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. అన్నదమ్ములిద్దరూ కూడా అవసరానికి మించి మాట్లాడుకున్నది నేను చూడలేదు.

ఆజి చివరి రోజుల్లో తన కొడుకులిద్దర్నీ తలుచుకుని నాతో ఒక్కసారి అంది. "ఒక గుంటడి పేనం కోసం ఇంకో గుంటడి మొకం ఇచ్చీసేనే. మంచి సేసేనో సెడ్డ సేసేనో నాకు తెల్దు." నాకూ తెలియదు. ఇన్నేళ్ళు బతికి, ఇంతమంది పిల్లలకి తప్పొప్పులు దిద్దీ తెలియలేదు.

ఇప్పుడు అర్జున్ విషయానికొస్తాను. వాడు అరుగుమీద నా పక్కన చేరి ఫోన్ చూపించాడు. "అత్తా, ఇది సూడు. నువ్వు ఆ కొలిమి దగ్గరికి ఎల్లి పొగ మింగక్కర్నేదు. నువ్వు ఊఁ అంటే సాలు, బుక్ సేసెత్తాను. నువ్వే ఎంచినట్టు." ఫోన్‌లో నల్లటి కత్తి. వెనకవైపు రంపంలాగా పళ్ళు. పిడికి రబ్బరు, దానికో తాడు, నడుముకి కట్టుకునే ఒర. కింద ఏదేదో రాసి ఉంది, అడవికీ క్యాంపింగ్‌కీ మొనగాడి కత్తి అని.

"ఇది ఎక్కడ చేస్తార్రా?" అన్నాను.

"ఎక్కడో సేత్తారు. అరకు ఆఫీసుకి కొరియర్‌లో వచ్చెత్తాది."

"ఎవరి చెయ్యి అని అడుగుతారా?"

"సైజు అడగరత్తా. ఫ్రీ సైజు" అని నవ్వాడు. తండ్రి పోయాక వాడు నవ్వడం అదే మొదటిసారి. నాకు నవ్వు రాలేదు. అలాంటివే అరకులో టూరిస్టుల దుకాణంలో కూడా వేలాడుతుంటే వెళ్ళి చూశాను. మైదానం నుంచి వచ్చిన కొట్టాయన ఒకటి తీసి నా చేతిలో పెట్టి, "మంచి సరుకమ్మా, గ్యారంటీ" అన్నాడు. నేనెవరినో, ఎందుకు కావాలో, ఎవరిమీద కోపమో ఒక్క మాట అడగలేదు. ఆయన తప్పేముంది, ఆయన పని అమ్మడం. ఆజి రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళకంతా ఒకే కొలిమి. కమ్మరి ఒప్పుకుంటే కత్తి, లేకపోతే లేదు. అంచేత ఒక ముసలిది ముద్ద మార్చి ఒక మగవాడి కోపాన్ని కురచ చెయ్యగలిగింది. ఇప్పుడు నేను ఏ గెడ్డలో ఏ మట్టి కడిగినా కొరియర్ మటుకు వచ్చి తీరుతుంది.

లచ్చి పట్టుబట్టి అర్జున్ చేత మట్టి పిసికించింది. వాడు ఫోన్ ఎడమచేతిలోకి మార్చుకుని కుడిచేత్తో పిసికాడు. నేను ఆకు చుట్టి ఆటో ఎక్కాను. గెడ్డమీద ఇప్పుడు కల్వర్టు ఉంది, కింద నీళ్ళలో ప్లాస్టిక్ సీసాలు. ఆటో ఆపించి దిగాను. ఆకు విప్పి చూశాను. పెద్ద చెయ్యి, మా నాన్న చెయ్యే. బొటనవేలు అలాగే లోతుగా దిగబడి ఉంది. నాకు మోహన్ భార్య చేతులు గుర్తొచ్చాయి. వెంటనే మా నాన్న గోడవైపు తిరిగిన వీపు గుర్తొచ్చింది. కాఫీ తోటల పైన పనసలు ఇప్పటికీ పండుతున్నాయి, ఎలుగులు ఇప్పటికీ దిగుతున్నాయి. ఆటో అబ్బాయి, "అమ్మా, బేగి రండి, బేరాలు పోతాయి" అంటున్నాడు. నీళ్ళలో చెయ్యి పెట్టాను, చల్లగా ఉంది. మొహం కడుక్కున్నాను. ఆకు మళ్ళీ చుట్టేశాను.

గాసి కొడుకు సన్యాసి కొలిమిలో ఇప్పుడు తిత్తి లేదు, కరెంటు బ్లోయరు. ఎక్కువగా రిసార్టుల గేట్లకి వెల్డింగు చేస్తాడు. నన్ను చూసి స్టూలు వేశాడు, ఆకు విప్పాడు, తండ్రి అడిగినట్టే అడిగాడు. "ఎవులి సెయ్యి?"

"మా అర్జున్‌ది. వాడిదే" అన్నాను.

సన్యాసి గుంతల్లో వేళ్ళు పెట్టి నావైపు చూశాడు. చితి దగ్గరి మాట అతనిదాకా వచ్చినట్టే ఉంది. "పొడుగొత్తాదమ్మా మరి" అన్నాడు.

"రానీ" అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

కత్తి ఇచ్చేరోజు ఊరంతా వచ్చింది. మోహన్ కూడా వచ్చి దూరంగా నిలబడ్డాడు. నేను కత్తి వెంటనే ఇవ్వలేదు. ఒళ్ళో పెట్టుకుని, ఆజి గెడ్డలో కడిగేసిన ముద్ద సంగతి మొదలుపెట్టి, మా నాన్న గోడవైపు తిరిగి తిన్న అన్నందాకా అంతా చెప్పాను. ఎవరికీ ఇదంతా తెలియదు. ఆజి దాచింది, గాసి దాచాడు, నేనూ దాచాను. చెబుతుంటే ఏడుపొచ్చింది, ఏడుస్తూనే చెప్పాను. మోహన్ వైపు చూసి, "మీ తాత వచ్చాడు కాబట్టి మా నాన్న ప్రాణాలతో ఇంటికొచ్చాడు, ఆ డోలీ మోసినవాడి మనవడివి నువ్వు. మడి మాట పెద్దల్లో పెట్టు" అన్నాను. అతను తల దించుకున్నాడు గాని టెంట్లు తీస్తానని అనలేదు. అప్పుడు కత్తి తీసి అర్జున్ చేతిలో పెట్టాను. నాలుగు వేళ్ళూ పిడిమీద హాయిగా కూర్చున్నాయి. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"అత్తా, నన్ను నమ్మినావా, బయపెట్టినావా?"

"రెండూనురా" అన్నాను.

నేను పార్వతీపురం వచ్చేశాను. టెంట్లు అక్కడే ఉన్నాయి. పెద్దల్లో మాట పడింది గాని తెగలేదు. రోజూ దీపాలవేళ లచ్చికి ఫోన్ చేస్తాను. బాగున్నారా, తిన్నారా అని అడగను. "కత్తెక్కడుందే?" అంటాను. "సూరులో ఉందొదినా" అంటుంది. అప్పుడు ఇద్దరం మిగతా కబుర్లు చెప్పుకుంటాం. మా ఆయనకి ఇది వేళాకోళంగా ఉంటుంది.

మొన్నా అలాగే అడిగాను. "సూరులో నేదొదినా. మద్దేనం పట్టుకెల్లినాడు, ఎక్కడికో సెప్పనేదు. ఫోన్ ఇంట్లోనే ఒగ్గీసినాడు."

"మోహన్ ఇంట్లో ఉన్నాడా?"

"ఆడూ నేడంట. ఇప్పుడే ఆల్లావిడొచ్చి అడిగింది. ఇక్కడే కూకుంది, నా పక్కన."

"ఫోన్ పెట్టెయ్యకే" అన్నాను. పెట్టెయ్యలేదు. పొయ్యిలో కట్టె చిటపటలాడడం వినిపిస్తోంది, మోహన్ భార్య దగ్గు వినిపిస్తోంది. మా ఆయన అన్నానికి పిలిచి పిలిచి ఊరుకున్నాడు. ఎంతసేపు అలా నిలబడ్డానో. చివరికి అటువైపు కుక్క మొరిగింది, చెప్పులు విదిలించిన చప్పుడైంది. తర్వాత చూరు వాసంలోకి కత్తి దిగిన చప్పుడు, ఒక్కటే, గట్టిగా. "అమ్మా, పై మడిలోకి ఎలుగు దిగింది. నానూ మోహన్‌గాడూ తరిమేం. ఆకలేత్తంది, ఏటుంది కూర?" అన్నాడు అర్జున్.

పక్కనున్న పిల్ల బోరుమని ఏడుస్తోంది. మరి టెంట్ల మాటేమైందిరా అని నేను అడగలేదు. రేపు మళ్ళీ ఫోన్ చేసి కత్తెక్కడుందని అడగాలి.